అటకకు రెండో నిచ్చెన

లెక్కల మాస్టారి భార్య కళ్ళు ఎవరు దిద్దారు? పోయిన వారం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.

కొత్తగా చదువుతున్న వారి కోసం ఆ సంగతి కాస్త చెబుతాను. మాస్టారు తమ పెళ్ళినాటి ఫోటో ఒకటి తెచ్చి ఇచ్చారు. దానికి చెమ్మ తగిలి ఆవిడ కళ్ళ చోట మసక కమ్మేసింది. మా ఆయన ముఖమంతా బాగు చేశారు గాని, కళ్ళు మాత్రం చేతకాక అలాగే అటక మీద పెట్టేసి లేచి వెళ్ళిపోయారు. మర్నాడు తెరిచి చూస్తే కళ్ళు ఉన్నాయి! మాస్టారు ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని వెలుగు వైపు తిప్పి చూశారు. తర్వాత, "ఇది నా మీద విసుక్కునేటప్పటి చూపమ్మా. పెళ్ళినాడే మొదలెట్టింది" అని నవ్వారు.

నేను మురిసిపోయి మా ఆయన్ని మెచ్చుకున్నాను. "నేను కాదు, అమ్మ దిద్దింది" అన్నారాయన. అత్తగారి దగ్గరకు వెళితే, "నేనా? వాడే చేశాడనుకున్నానే!" అన్నారు. నాకు స్కాన్ చేయడం, దుమ్ము చుక్కలు చెరపడం తప్ప మరో విద్య రాదు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఇక అటక అన్నాను కదా, అది నిజం అటక కాదు. మాది ఇంటి ముందుగదిలోనే నడిచే ఫోటో స్టూడియో. చిరిగినవి, వెలిసినవి, చెదలు తిన్నవి, ఎలాంటి పాత ఫోటో అయినా బాగు చేసి ఇవ్వడం మా పని. దీన్నే టచింగ్ అంటారు. ఒక్కో ఫోటో పెద్దదిగా స్కాన్ చేసేసరికి కంప్యూటరు కడుపు నిండిపోయి, ఏది అడిగినా ఆవులించడం మొదలుపెట్టింది. అప్పుడు మా ఆడపడుచు చిట్టి వచ్చింది. తను ఓ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో ఉంది. ఆన్‌లైన్‌లో కొంత చోటు తీసుకుని, అది మా కంప్యూటర్లో మామూలు డ్రైవ్‌లాగే కనిపించేట్టు పెట్టింది. సి డ్రైవ్, డి డ్రైవ్, వాటి పక్కన కొత్తగా జెడ్ డ్రైవ్.

"ఇందులో పెట్టినవి ఇక్కడ ఉండవమ్మా. ఎక్కడో దూరాన పెద్ద పెద్ద మెషిన్లలో ఉంటాయి. మీకు మాత్రం ఇక్కడున్నట్టే కనిపిస్తాయి. తెరిస్తే తెరుచుకుంటాయి, సేవ్ చేస్తే అక్కడికి పోతాయి. డౌన్‌లోడ్ చేసుకోవడం, మళ్ళీ పంపడం, ఆ గొడవేమీ లేదు" అని చెప్పింది.

అత్తగారు కాసేపు ఆలోచించి, "అంటే అటక లాంటిదన్నమాట. కింద చోటు చాలని సామాను పైన పెట్టుకుంటాం, కావాలంటే చెయ్యి చాస్తే అందుతుంది" అన్నారు. చిట్టికి ఆ మాట ఎంత నచ్చిందంటే, అక్కడికక్కడే జెడ్ డ్రైవ్ పేరు 'అటక' అని మార్చేసింది.

ఆ పేరే మమ్మల్ని తప్పుదారి పట్టించింది. అటక అంటే ఇంట్లోదే కదా. దాని మీదికి ఎక్కాలంటే ఎవరైనా మన వీధి తలుపు తీసుకునే రావాలి, మన కళ్ళముందే నిచ్చెన వేయాలి. కాబట్టి ఆ కళ్ళు దిద్దింది మా ముగ్గురిలో ఒకరే అయి ఉండాలి. ఆ మాట ఒప్పుకోవడం లేదంతే.

నిజం చెప్పాలంటే, నేను లోలోపల నాలుగో పేరు కూడా అనుకున్నాను. మర్నాడు పొద్దున దీపం పెట్టి, "స్వామీ, ఆ ముసలాయన ముఖంలో నవ్వు చూపించావు, చాలు" అని కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్తగారు, "దేవుడికి ఇంకేం పనిలేదా, మన స్టూడియోలో టచింగ్‌కి కుదిరాడా?" అంటారని తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం అసలు సంగతి బయటపడింది.

భోజనాలయ్యాయి. స్టూడియో షట్టరు సగానికి దించి ఉంది. కింది సందులోంచి ఎండ వచ్చి నేల మీద పలకలా పరుచుకుంది. చిట్టి వచ్చి అత్తగారి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మా ఆయన ఫ్రేములకు అద్దాలు తుడుస్తున్నారు. అత్తగారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, మౌసు పట్టుకున్నారు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు నలుపు తెలుపు ఫోటోలకు సన్న కుంచెతో రంగులు వేసేవారు. ఊరంతా ఆవిడ వేసిన బుగ్గల ఎరుపే. ఇప్పుడు మౌసుని కూడా కుంచె పట్టినట్టే మూడు వేళ్ళతో పడతారు.

బేకరీ ఆయన తండ్రి ఫోటో తెరవబోయారు. ఆ పెద్దాయన ఏప్రన్ కట్టుకుని పొయ్యి ముందు నిలబడిన బొమ్మ. మడత పడిన చోట చిరిగి, కుడి చెయ్యి పూర్తిగా పోయింది.

"ఒరే చిన్నోడా, ఇదేదో అంటోంది చూడు."

మా ఆయన వెనక నుంచి వంగి చదివారు. "ఈ ఫైలు ప్రస్తుతం వేరొక చోట తెరిచి ఉంది. చూడవచ్చు, మార్చలేరు."

"వేరొక చోటా? ఎక్కడ?"

"ఏమోనమ్మా. ఎవరో తెరిచారట."

అత్తగారు కుర్చీలోనే వెనక్కి తిరిగి మమ్మల్ని లెక్కపెట్టినట్టు చూశారు. "నువ్వు ఇక్కడ. కోడలు అక్కడ. చిట్టి నా పక్కన. నేను నా కుర్చీలో. మరి అటక మీద ఎవరున్నార్రా? పిల్లి గాని చేరిందా?"

"పిల్లి చేరితే ఊరుకుంటుందా అత్తయ్యా? పైన మౌసు దొరికిందాయె!" అన్నాను.

మా ఆయన పకపకా నవ్వారు. అత్తగారు కూడా నవ్వారు. చిట్టి మాత్రం నవ్వలేదు. మామూలుగా జోకు పూర్తికాకముందే నవ్వే పిల్ల! తలొంచుకుని బ్యాగు జిప్పు లాగుతోంది, మూస్తోంది, లాగుతోంది.

ఇంతలో ఆ మెసేజీ దానంతటదే పోయింది. అత్తగారు ఫైలు తెరిచారు. బేకరీ పెద్దాయనకు చెయ్యి వచ్చింది. పొయ్యి వేడికి కమిలిన వేళ్ళు, పిండి అంటిన గోళ్ళు. తెరమీద చూస్తుంటే ఆ చెయ్యి ఇప్పుడే రొట్టెలు తీసి పక్కన పెట్టినట్టుంది.

అత్తగారు ఆ గోళ్ళ దగ్గర బొమ్మ పెద్దది చేసి, ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూశారు.

"ముందు నీడ వేసి, తర్వాత వెలుగు వేశాడు" అన్నారు మెల్లగా. "అందరూ వెలుగు ముందు వేస్తారు. ఇది నా పద్ధతి. నేను ఈ పని ఇద్దరికే నేర్పాను. ఒకడు ఇదిగో, అద్దం తుడుస్తున్నాడు."

మా ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

రెండోవాడు మా బావగారు, ఆవిడ పెద్దకొడుకు. మూడేళ్ళ కిందట ఈ ఇంట్లోంచి వెళ్ళిపోయిన మనిషి. ఆయన పేరు ఎత్తితే అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారు గనుక మేం ఎత్తడం మానేశాం.

గొడవ ఒక కన్ను గురించి వచ్చింది. మా మామగారికి ఎడమ కన్ను మెల్ల. మన వైపు చూస్తున్నా ఆ కన్ను కొంచెం పక్కకు, తలుపు వైపు చూస్తున్నట్టుండేది. ఆయన పోయాక గోడకు పెట్టడానికని బావగారు ఒక పాత ఫోటో పెద్దది చేసి, ముచ్చటపడి, ఆ కన్ను తిన్నగా దిద్దారు. పని అద్భుతంగా కుదిరింది. తెలియనివాళ్ళు చూస్తే పుట్టుకతోనే అలా ఉందనుకుంటారు. అత్తగారు ఫ్రేము చూసి, "ఈయనెవరు? నేను కాపురం చేసింది ఈయనతో కాదు" అన్నారు. "జీవితమంతా ఆ కంటి మీద అందరి చేతా మాటలు పడ్డాడమ్మా, కనీసం గోడ మీదైనా ప్రశాంతంగా ఉండనీ" అన్నారు బావగారు. "ఆ చూపుతోనే నన్ను చూశారురా. అది తీసేసే హక్కు నీకెవరిచ్చారు?" అన్నారీవిడ. మాటకు మాట పెరిగింది. ఎవరి మాటా వెనక్కి రాలేదు. బావగారు, మా తోటికోడలు సామాను సర్దుకున్నారు. గోడకు కొట్టిన మేకు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. ఇద్దరి ప్రేమా నిజమే అయినప్పుడు మనుషులు ఎందుకు విడిపోతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణి అడుగుతూనే ఉంటాను. ఆయన వింటాడు గాని, అంత తొందరగా జవాబు చెప్పేవాడు కాదు.

"చిట్టీ" అన్నారు అత్తగారు తెరమీంచి చూపు తిప్పకుండానే, "ఆ జిప్పు ఊడిపోతుంది గాని, సంగతేంటో చెప్పు."

"రెండో నిచ్చెన వేశానమ్మా."

"ఏంటీ?"

"పెద్దన్నయ్య కంప్యూటర్లో కూడా ఇదే అటక కనిపించేట్టు పెట్టాను. అక్కడా జెడ్ డ్రైవే. పేరు కూడా అటకే. మీకు ఇక్కడున్నట్టు ఎలా కనిపిస్తుందో, వాడికి అక్కడున్నట్టు అలాగే కనిపిస్తుంది."

"ఎవరు పెట్టమన్నారే నిన్ను?"

"వాడే అడిగాడు. అమ్మ ఏం చేస్తోందో రోజూ చూసుకుంటానన్నాడు. ఉత్తినే చూస్తాను, ముట్టుకోను అన్నాడు."

"ఫోటో చూసి ముట్టుకోకుండా ఉండటం వాడి వల్ల ఎప్పుడైంది?" అన్నారు అత్తగారు. గొంతు కోపంగానే ఉంది. ఆ మాటలో మాత్రం కోపం కనిపించలేదు నాకు.

కోపం వచ్చింది మా ఆయనకు. అద్దం పక్కన పెట్టి ముందుకొచ్చారు. నాకు ఆశ్చర్యమేసింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదాయన.

"అంటే ఇన్నాళ్ళూ నా తప్పులు వాడు దిద్దుతున్నాడన్నమాట. అమ్మ దిద్దుతోందనుకుని సిగ్గుపడి అడగలేదు. అమ్మ కాబట్టి సర్దుకున్నాను. వాడు వదిలేసిపోయిన కుర్చీలో కూర్చుని నేను తంటాలు పడుతుంటే, పైన కూర్చుని వాడు నాకు మార్కులు వేస్తాడా? తీసెయ్ చిట్టీ ఆ నిచ్చెన."

"చిన్నన్నయ్యా..."

"తీసెయ్ అన్నాను కదా."

చిట్టి తల్లి వైపు చూసింది. తర్వాత చెయ్యి చాచి ఏవో రెండు మూడు నొక్కి ఒక పేజీ తెరిచింది. అందులో రెండు పేర్లున్నాయి. ఒకటి 'ముందుగది'. రెండోది 'పెద్దన్నయ్య'. రెండో పేరు పక్కన 'తొలగించు' అని చిన్న ఎర్రటి గడి.

"దీన్ని నొక్కితే వాడి దగ్గర అటక మాయమైపోతుంది. నేనైతే నొక్కను. ఈ ఇంటితో వాడికి మిగిలింది ఇదొక్కటే. నొక్కాలంటే అమ్మే నొక్కాలి" అని మౌసు అత్తగారి చేతికిచ్చి, చేతులు వొళ్ళో పెట్టుకుంది.

బాణం గుర్తు ఆ ఎర్ర గడి మీద నిలబడింది. అత్తగారు పట్టుదల మనిషి. ఆవిడ నొక్కితే ఇక అంతే, మళ్ళీ ఎవరు చెప్పినా ఆ నిచ్చెన పడదు.

అత్తగారు నొక్కలేదు. నొక్కనని కూడా అనలేదు. "చిన్నోడా, ఇలా రా. కోప్పడటం తర్వాత. వాడు నీ పని ఎక్కడ చెరిపాడో చూపించు ముందు" అన్నారు.

అటకలో ఒక సుగుణం ఉంది. సేవ్ చేసిన ప్రతిసారీ పాత రూపం కూడా దాచి ఉంచుతుంది. మా ఆయన విసవిసా వచ్చి మాస్టారి ఫోటో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టారు. తర్వాత మరో ఫోటో. తర్వాత ఇంకొకటి. పెడుతున్న కొద్దీ ఆయన చెయ్యి నెమ్మదించింది.

"ఎక్కడరా?"

"చెరపలేదు" అన్నారు మా ఆయన చివరికి. "నేను చేసిందేదీ ముట్టుకోలేదు. ఈ చెవిపోగు చూడు, నేను తప్పు పెట్టాను. వెలుగు ఒకేవైపు నుంచి వస్తుంటే, రెండు చెవులకీ చెరోవైపు మెరుపు వేశాను. అది కూడా అలాగే ఉంచాడు."

"మరి దేన్ని ముట్టుకున్నాడు?"

"నేను చేతకాక వదిలేసినవే పూర్తి చేశాడు."

"తప్పులు దిద్దడం వేరు, మిగిలింది అందుకోవడం వేరు" అన్నారు అత్తగారు.

మా ఆయన కాసేపు మీసం పీక్కుని, "చెవిపోగు తప్పని వాడికి తెలిసే ఉంటుంది. ఒక ముక్క చెప్పొచ్చుగా!" అని గొణిగారు.

"ఎలా చెబుతాడు? నేను మాట్లాడనిస్తేగా" అన్నారు అత్తగారు.

ఆ మాట ఆవిడ నోట వస్తుందని మేమెవరం అనుకోలేదు. అనుకోలేదని ఆవిడకీ తెలిసిపోయింది కాబోలు, వెంటనే నా మీద పడ్డారు. "నువ్వేంటలా నిలబడ్డావు గుడ్లప్పగించి? లోపల బీరువాలో పై అరలో మీ మామగారి ఫోటో ఉంది, పట్టుకురా."

తెచ్చాను. అరచేయంత ఫోటో. ఏ సున్నపునీళ్ళు పడ్డాయో, తెల్లటి మచ్చ చొక్కా కాలరు మొదలు నుదుటి దాకా పాకింది. కళ్ళ చోట ఏమీ మిగల్లేదు. నేను స్కాన్ చేశాను. అత్తగారు దానికి 'నాన్న' అని పేరు పెట్టి అటక మీద ఉంచారు.

"ఇప్పుడు నువ్వు కూర్చో" అన్నారు మా ఆయనతో. "నీకు ఎంతవరకు చేతనైతే అంతవరకు చెయ్యి. కళ్ళు మాత్రం వదిలెయ్."

ఆయన కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం ఆయన చేసినంత శ్రద్ధగా ఆ చొక్కా కాలరును ఏ దర్జీ కూడా కుట్టి ఉండడు. మధ్యలో టీ ఇస్తే చల్లారిపోయింది. నుదురు వచ్చింది, చెవులు వచ్చాయి, పెదవి చివర ఉండే చిన్న గాటు వచ్చింది. కళ్ళ చోటు తెల్లగా వదిలేసి సేవ్ చేసి, కుర్చీ తల్లికి ఇచ్చారు.

మేం నలుగురం ఆ తెర వైపే చూస్తూ కూర్చున్నాం. ఎండ పలక జరిగి జరిగి గోడ ఎక్కింది. అత్తగారు ఫైలు తెరవబోయారు.

ఈ ఫైలు ప్రస్తుతం వేరొక చోట తెరిచి ఉంది.

"ఉన్నాడు" అన్నారావిడ. మూసిన తలుపు అవతల కొడుకు స్నానం చేస్తున్న చప్పుడు విన్న తల్లి ఎలా అంటుందో అలా అన్నారు.

నేను మనసులో దండం పెట్టుకోబోయి ఆగిపోయాను. ఏమని కోరుకోవాలి? కన్ను తిన్నగా రాకూడదని అడగడం కూడా ఒక కోరికేనా? "నీకు తెలుసు" అని మాత్రం అనుకున్నాను. మాస్టారి ఫోటోకి నేను చెప్పుకున్న కృతజ్ఞత కూడా గుర్తొచ్చింది. దిద్దింది బావగారని తేలింది కదా, మరి అది వెనక్కి తీసుకోవాలా? అక్కర్లేదనిపించింది. చేసినవాడు పక్కనే ఉన్నా, చేయించినవాడు ఒకడుంటాడు.

మెసేజీ పోయింది. అత్తగారు వెంటనే తెరవలేదు. కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుని, పెట్టుకుని, అప్పుడు తెరిచారు.

మామగారు మా వైపు చూస్తున్నారు. కుడి కన్ను మా మీద ఉంది. ఎడమ కన్ను కొంచెం పక్కకు, తలుపు వైపు.

అత్తగారు, "వచ్చారా?" అన్నారు, ఆయన్నే అడుగుతున్నట్టు.

మా ఆయన గొంతు సవరించుకుని, "కాలరు బాగా కుదిరింది కదమ్మా" అన్నారు.

"కుదిరిందిరా. ఇద్దరికీ కుదిరింది" అని ఆయన చెయ్యి పట్టుకున్నారు. చిట్టి ఏడుస్తూ నవ్వుతోంది. నేను గోడ మీది మేకు చూశాను. ఇన్నాళ్ళూ దాని మీద చీపురు తగిలిస్తూ వచ్చినందుకు సిగ్గేసి, గబగబా వెళ్ళి ఆ చీపురు తీసేశాను.

వెనక్కి వచ్చేసరికి చిట్టి తెర వైపు వేలు చూపిస్తోంది. 'నాన్న' పక్కన మరో ఫైలు వచ్చింది. మేం పెట్టింది కాదు. దాని పేరు ఒక ప్రశ్న: 'సరిచేయించమంటావా అమ్మా'.

అత్తగారు తెరిచారు. మెట్టు మీద ఓ పసిపిల్ల కూర్చుని ఉంది. మాటలు వచ్చీరాని వయసు. ఒక కాలికి బూటు, రెండోది చేతిలో. ఉన్న నాలుగు పళ్ళూ కనిపించేలా నవ్వుతోంది. కుడి కన్ను మా మీద ఉంది. ఎడమ కన్ను కొంచెం పక్కకు.

అత్తగారు ఆ ముఖాన్నీ, పక్కనున్న మామగారి ముఖాన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత కూతురి వైపు తిరిగారు.

"నీ మనవరాలమ్మా. చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు" అంది చిట్టి. "ఇప్పుడే ఆపరేషన్ చేయించమంటున్నారు డాక్టర్లు. ఆలస్యమైతే ఆ కంటిచూపు తగ్గిపోవచ్చట. వదిన సరేనంది. వీడే... నిన్ను అడగకుండా ఆ కన్ను ముట్టుకోనంటున్నాడు."

ఆ రోజు ఫోటోలో కన్ను ముట్టుకున్నందుకు ఇల్లు రెండైంది. ఇప్పుడు నిజం కన్ను, నిజం పిల్ల. తిన్నగా ఉండాలన్నవాడు అడుగుతున్నాడు, ఉన్నట్టే ఉండాలన్న ఆవిడ జవాబు చెప్పాలి. అత్తగారి వేళ్ళు కీబోర్డు దాకా వెళ్ళాయి. ఫైలు పేరులోని ఆ ప్రశ్న చెరిపేసి అక్కడే జవాబు టైపు చేయబోయారు.

ఈ ఫైలు ప్రస్తుతం వేరొక చోట తెరిచి ఉంది. చూడవచ్చు, మార్చలేరు.

అవతల ఆయన కూడా అదే ముఖం తెరిచి పెట్టుకుని కూర్చున్నారన్నమాట. అత్తగారు చేతులు వెనక్కి తీసుకున్నారు. కాళ్ళతో కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంటూ అన్నారు:

"చిట్టీ, ఆ రెండో నిచ్చెన ఏ వీధిలో దిగుతుందే?"